పండ్ల మూటకు తెచ్చిన చీర

నలభైలనాటి మాట. అప్పుడే పెళ్లయి వరంగల్‌లోని నేతవారింటికి కోడలిగా వచ్చాను. నేను నేసిన మొదటి చీరను అత్తమ్మ వెలుతురుకు పట్టి చూసి, "నేత పలుచగున్నది. పండ్లు మూటగట్ట పనికొస్తది" అంది.

అమావాస్యనాడు మగ్గానికి సెలవు. ఆ చీర భుజాన వేసుకుని, సీతాఫలాల కోసం నన్ను ఊరిబయటి గుట్టకు తీసుకెళ్లింది. బండలు పట్టుకుని తను ముందే పైకెక్కింది. వెనకాల వస్తున్న నాకు కాలు జారింది. చేతికందిన పొదను పట్టుకుని వేలాడాను. పొద వేళ్లు తెగుతున్నాయి.

అత్తమ్మ చీరను మెలిపెట్టి కిందికి దించింది. "పట్టుకో బిడ్డా."

"పలుచగున్నదంటివి గద అత్తమ్మా" అన్నాను ఏడుస్తూ.

"అంటి. ఇప్పుడైతే పట్టుకో."

చీర పట్టుకుని పైకి చేరాను. అంత గాలి, కనుచూపుమేర చెరువులు, చేలు. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే నాకు, బతికున్నానని మొదటిసారి ఒళ్లంతా తెలిసింది.

అత్తమ్మ చీరను మళ్లీ వెలుతురుకు పట్టింది. "ఒక్క పోగు తెగలే" అని, ఎదుటి గుట్టను చూపించింది. "వచ్చే అమావాస్యకు అది ఎక్కుదాం."

ఆ తర్వాత ఎన్నో గుట్టలెక్కాం. ప్రతిసారీ ఆ చీర అత్తమ్మ భుజాన ఉండేది. పండ్లు మాత్రం వేరే గుడ్డలో మూటగట్టేది.