గొడుగు గెలిచిన వేసవి

ఆ వేసవిలో మా డాబా మీద ఒక పక్క అమ్మ పెట్టిన పిండి వడియాలు, ఇంకో పక్క నేను పెట్టిన పెన్సిల్ సెల్లులు ఎండుతుండేవి. అయిపోయిన సెల్లుకు ఎండ తగిలితే కాస్త ప్రాణం లేచొస్తుందని తిరువూరులో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. కొత్తవి కొనమని అడిగితే నాన్న పంట చేతికి రానిమ్మనేవారు. అందుకని గోడ గడియారంలోది కూడా పీకేదాన్ని. అప్పుడు ఇంట్లో చాలాసేపు పదీ పదే అయ్యేది.

సెల్లులన్నీ మింగేది ఒక వీడియోగేమ్ పెట్టె. నాకు ఇచ్చింది మా బాబాయి కొడుకు. నాకన్నా ఏడాది పెద్ద, అన్నయ్య వరస. వాళ్లు విజయవాడలో ఉండేవాళ్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అతనికి రంగుల తెర ఉన్న కొత్త పెట్టె వచ్చింది. దాంతో నలుపు తెలుపుల పాతది నాకు ఇచ్చేశాడు. ఊళ్లూ అడవులూ సముద్రాలూ తిరిగి వింత ప్రాణులను పట్టుకుని, పెంచి, పోటీలకు దించే ఆట అది. ఇచ్చేముందు తను పెంచినవాటిలో మంచివన్నీ కేబులు తగిలించి కొత్త పెట్టెలోకి లాగేసుకున్నాడు. పనికిరాదని ఒక్కదాన్ని మాత్రం వదిలేశాడు.

అదొక జెల్లీ చేపలాంటిది. గుండ్రటి తల, కింద వేలాడే అయిదారు దారాలు, మధ్యలో మిణుకుమిణుకుమనే ఒక చుక్క. కోరలు లేవు, కొమ్ములు లేవు. నాయనమ్మ కళ్లజోడు సవరించుకుని తెర చూసి, "ఇదేంటే, వానలో తడిసిన గొడుగులా ఉంది" అంది. ఆ పేరే ఉండిపోయింది. నేను అప్పటికి సముద్రం చూడలేదు. మా మెట్ట ప్రాంతంలో నీళ్లంటే బోరు నీళ్లే. అయినా ఆ గొడుగు తెర మీద అలా తేలుతుంటే నాకు కడుపు నిండినట్టుండేది. దాన్ని ఏడాది పాటు పెంచాను. స్కూలు నుంచి రాగానే పుస్తకాల సంచి ఒక మూల, నేనొక మూల.

మరుసటి ఏడు మామిడికాయల రోజుల్లో బాబాయితో అన్నయ్య వచ్చాడు. వచ్చిన మర్నాడే, పెట్టె తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. తన ట్యూషన్ స్నేహితుడికి ఇస్తాడట, ఇద్దరూ కలిసి ఆడుకుంటారట. నాకు ఆడటం ఎలాగూ రాదట. నాకు నోరు ఎక్కువని ఇంటిల్లిపాదీ అనేవాళ్లు. ఆ రోజు నిజమేనని నిరూపించాను. ఇచ్చిన వస్తువు వెనక్కి అడగడానికి సిగ్గుండాలన్నాను. కొన్నది మా నాన్న అని అతనన్నాడు. బాబాయి ఎటూ చెప్పలేక పేపరు వెనక దాక్కున్నాడు.

మా ఇంట్లో పిల్లల తగువు ఏదైనా అష్టాచెమ్మా గళ్ల దగ్గర తేలాల్సిందే. మొదటి బుట్ట రసాల్లో పెద్ద పండు ఎవరిదన్నా, బస్సులో కిటికీ పక్క సీటు ఎవరిదన్నా, గవ్వలు వేసి తేల్చుకోవాలి. ఓడినవాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తకూడదు. నాయనమ్మ ఆవకాయకు ముక్కలు తుడుస్తూనే, "ఆడి తేల్చుకోండి" అని తీర్పు చెప్పింది. అన్నయ్య నవ్వి, గవ్వలెందుకు, ఆ పెట్టెలతోనే ఆడదామన్నాడు. ఒకరికి ఒకటే ప్రాణి. నా సెల్లులు మధ్యలో అయిపోతే నేను ఓడినట్టే. అన్నిటికీ ఒప్పుకున్నాను. కోపంలో ఒప్పుకున్నాను గానీ తర్వాత గొడుగు గుర్తొచ్చింది. పెట్టె పోతే పోయింది, దానితో పాటు గొడుగూ పోతుంది. ఆ స్నేహితుడెవడో మొదటి రోజే దాన్ని తీసి పారేస్తాడని నాకు తెలుసు.

మధ్యాహ్నం డాబా మీద నుంచి కాలుతున్న సెల్లులు తెచ్చి వేసుకున్నాను. వసారాలో ఎదురెదురుగా కూర్చున్నాం. మధ్యలో కేబులు, పక్కన నాయనమ్మ. అన్నయ్య దించింది కొండంత కొమ్ముల మృగాన్ని. ఒక్కో ప్రాణికి నాలుగు విద్యలు ఉంటాయి. అన్నయ్య దానికి నేర్పినవన్నీ పెద్ద దెబ్బలే. సినిమాలో హీరో ఒక్క గుద్దుకు పదిమంది గాల్లోకి లేవాలి, లేకపోతే టికెట్టు డబ్బులు దండగ అనే రకం అతను. అయితే ఆ ఆటలో ఒక్కో పెద్ద దెబ్బను అయిదుసార్లే కొట్టగలం. చిన్న దెబ్బలైతే చాలాసార్లు కొట్టొచ్చు. ఆ సంగతి తెర మీదే అంకెల్లో రాసి ఉంటుంది. అన్నయ్య అటు చూసేవాడు కాదు.

మొదటి దెబ్బకే గొడుగు ప్రాణం సగం పోయింది. అన్నయ్య తొడ చరిచాడు. నేను ఎదురు కొట్టలేదు. గొడుగు చర్మాన్ని మందం చేసుకుంది. రెండో దెబ్బ అంత తగల్లేదు. ఇంకా మందం చేసుకుంది. తర్వాత దారాలతో మృగాన్ని చుట్టి, గుక్కెడు గుక్కెడుగా దాని బలం తాగడం మొదలుపెట్టింది. పోయిన ప్రాణం మెల్లగా తిరిగొచ్చింది. అతను కొడుతున్నాడు, సగం గురి తప్పుతున్నాయి. "పోట్లాడవేం, పిరికిదానా" అన్నాడు. నేను నోరు మూసుకోవడం చూసి నాయనమ్మ ముక్కలు తుడవడం ఆపేసింది.

ఇంతలో నా పెట్టె మీది ఎర్ర లైటు మసకబారింది. సెల్లులు చల్లారిపోతున్నాయి. అన్నయ్య కూడా చూశాడు. అతను ఏ చిన్న విద్యతోనో కాలక్షేపం చేసి ఉంటే ఆట అతనిదే. కానీ చిన్నదంటూ ఏదీ నేర్పలేదు, ఆగడం అతని వంట్లో లేదు. సెల్లుల పుణ్యాన గెలిస్తే పరువు తక్కువ అనుకున్నాడేమో, గబగబా మిగిలిన పెద్ద దెబ్బలన్నీ కొట్టేశాడు. ఒకటి తగిలింది. గొడుగుకు ప్రాణం వెంట్రుకవాసి మిగిలింది. ఇంకో గుక్క తాగించాను.

అప్పుడు అన్నయ్య బొత్తాన్ని ఒకసారి నొక్కాడు, మళ్లీ నొక్కాడు. నాలుగు విద్యల పక్కనా సున్నాలే. కొట్టడానికి ఏమీ మిగలనప్పుడు ఆ ఆటలో ప్రాణులు పిచ్చిపట్టినట్టు మీద పడతాయి. అలా పడ్డప్పుడల్లా ఎదుటివాళ్లకు తగిలేదానికన్నా తమకు తగిలేదే ఎక్కువ. కొండంత మృగం నా గొడుగు మీద పడింది, తనే దెబ్బ తింది. మళ్లీ పడింది. మూడోసారికి కూలిపోయింది.

నేను అరిచిన అరుపుకు డాబా మీది కాకులు వడియాలు వదిలేసి ఎగిరిపోయాయి. లేచి వసారా అంతా గంతులేశాను. నాయనమ్మ పొద్దున ఆవకాయ కారం కలిపిన చేతులతోనే నా బుగ్గలు పుణికింది. భగ్గున మండాయి. ఆ మంట కూడా నాకు బాగుంది. జీవితంలో తర్వాత పరీక్షలు గెలిచాను, ఉద్యోగం గెలిచాను. ఏదీ అంత తియ్యగా లేదు.

సాయంత్రం విజయవాడ బస్సుకు బయల్దేరుతూ అన్నయ్య పెట్టె సంగతి ఎత్తలేదు. మాట మీద నిలబడ్డాడు, ఆ గుణం ఒప్పుకోవాలి. చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పి, లోపలికి వచ్చాడు. బాబాయికి వినపడకుండా మెల్లగా అడిగాడు.

"ఆ గొడుగు నాకిచ్చేయవా? బదులుగా నా మృగాన్ని తీసుకో."

ఏడాది క్రితం పనికిరాదని వదిలేసి వెళ్లిన మనిషి అలా బతిమాలుతుంటే జాలేసింది. అయినా నా నోరు నా నోరే.

"నీ మృగాన్ని నువ్వే ఉంచుకో అన్నయ్యా. ముందు దానికి చిన్న దెబ్బ కొట్టడం నేర్పు."