అప్పలసూరి మతిమరుపు

అప్పలసూరికి నాటకం ఆడకపోతే పొద్దుపోదు. ఆడితే మాటలు గుర్తుండవు.

గుజరాత్ పడవల మీద వేటకెళ్లి, నీళ్లలో కనబడని సరిహద్దు దాటి పట్టుబడ్డ శ్రీకాకుళం మత్స్యకారులంతా పరాయి దేశపు శిబిరంలో ఒకే షెడ్డులో ఉండేవారు. ఇవాళో రేపో వదులుతారనుకుంటుండగా యుద్ధం వచ్చింది. ఇక వదిలే మాట ఎత్తేవాడే లేడు. అటువంటి చోట అప్పలసూరి సాయంత్రం కాగానే తువ్వాలు చీరలా చుట్టుకుని గంగమ్మ అయిపోయేవాడు. తువ్వాలు తీసేస్తే జాలరి. సత్తుపళ్లెమే మద్దెల. కాపలా జవానుకు తెలుగు ముక్క రాదు. అయినా గంగమ్మ కనబడగానే సిగరెట్టు పారేసి చేతులు కట్టుకునేవాడు.

కథ చిన్నదే. తుఫానులో దారి తప్పిన జాలరి, గట్టు ఎటని గంగమ్మను అడుగుతాడు. సరిగ్గా గంగమ్మ జవాబు దగ్గరికొచ్చేసరికి అప్పలసూరి నోరు తెరిచి నిలబడిపోయేవాడు.

"ఏటైనాది మావా, గంగమ్మ నిద్దరోతన్నాదా?" అనేవాడు పక్క చాప మీది గోపి.

"ఉండరా, నాలిక మీదే ఉన్నాది."

నాలిక మీద నుంచి అది ఎన్నడూ దిగలేదు.

ఆ మాట అందించేవాడు ఈశ్వర్. ఆ నాటకం ఊరూరా నేర్పినవాడు అతని తండ్రే. పడవ నడిపించే తండేలు కూడా అయిన ఆ తండ్రి, జగన్నాధం, శిబిరంలోనే జ్వరంతో పోయాడు. శవం ఇంకా ఇల్లు చేరలేదు. ఆనాటి నుంచి ఈశ్వర్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి మానేశాడు, మాట మానేశాడు. అప్పలసూరి తన ఆట తీసుకెళ్లి అతని చాప పక్కనే పెట్టాడు. తప్పుల మీద తప్పులు. చివరికి వినలేక ఈశ్వర్ గోడకేసే ఒక మాట అందించాడు.

"వినబడనేదురా. గొంతు పీలగున్నాది. రెండు ముద్దలు తిని అందించు. అందాకా నాను సెయ్యెత్తి ఇలాగే ఉంటాను," అన్నాడు అప్పలసూరి.

నిజంగానే చెయ్యెత్తి అలాగే నిలబడ్డాడు. ఆ చెయ్యి దింపించడానికైనా ఈశ్వర్ తినాల్సి వచ్చింది. అది మొదలు రోజూ అదే తంతు. ఒక ముద్ద తక్కువైతే అప్పలసూరికి ఇంకో మాట పోయేది.

"సిగ్గు నేదా మావా? ఎన్నిసార్లు సెప్పినా రాదా?" అనేవాడు ఈశ్వర్.

"ముసిలోణ్ణిరా."

ఒకనాడు సరిహద్దులో మళ్లీ కాల్పులని, ఎవరినీ పంపరని జవాను సైగలతో చెప్పాడు. ఆ పూట ఎవరూ పళ్లెం ముట్టలేదు. అప్పలసూరి ఒక్కడే తువ్వాలు చుట్టాడు. గంగమ్మ జవాబు దగ్గరికొచ్చి, ఎప్పటిలాగే ఆగి, ఈశ్వర్‌ని చూశాడు.

ఈశ్వర్ అందించాడు: "గాలి తిరగదు. గట్టు నేదు. అందరం ఇక్కడే సస్తాం."

"ఒరే, ఆ మాట నాటకంలో నేదురా!"

ఆ కోపంలోనే అప్పలసూరి అందుకున్నాడు. గాలి తిరగడం, తెరచాప నిండడం, ఇసకలో పెళ్లాం కేకెయ్యడం, గంగమ్మ మంగళం దాకా ఎక్కడా తడబడకుండా గడగడా చెప్పేశాడు.

జవాను ఒక్కడే చప్పట్లు కొట్టాడు. అప్పటికి గాని అప్పలసూరికి తానేం చేశాడో తెలియలేదు.

"మావా, నీకు మొత్తం వొచ్చు," అన్నాడు ఈశ్వర్.

"ఎక్కడ్రా! ఇయ్యాల ఎందుకో అలాగొచ్చీసినాది."

ఈశ్వర్ పళ్లెం దగ్గరికి లాక్కుని ముద్ద కలిపాడు.

"రేపు మరిసిపోతావా?"

"మరిసిపోకేటి?" అన్నాడు అప్పలసూరి, తువ్వాలు దులుపుకుంటూ. "నాకసలే మతిమరుపు."