ఉప్పు కాని మనిషి

ఆ ఫొటోను సంఘపెద్ద మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మోకాళ్లు ముడుచుకుని, చేతులతో ముఖం కప్పుకుని కూర్చున్న తెల్లటి మనిషి. దేవుడు వద్దన్నా విడిచొచ్చిన ఊరిని వెనక్కి తిరిగి చూసి ఉప్పు స్తంభమైన, బైబిల్లోని లోతు భార్య ఈమేనని కింద రాసి ఉంది. నంద్యాలలో మా మందిరానికి వచ్చేవాళ్లంతా చూసి ఆమెన్ అని పెట్టారు. మా అమ్మ మాత్రం ఫోన్ పక్కన పెట్టేసింది.

అమ్మ పుట్టిన ఊరు డ్యాం కట్టినప్పుడు కృష్ణ నీళ్లలో మునిగింది. ఎండాకాలం నీళ్లు తగ్గితే మందిరం గోడలు, చిన్నప్పుడే పోయిన ఆమె చెల్లెలి సమాధి బయటపడతాయి. ఏటా పోయి సమాధి మీది ఒండ్రు కడిగొస్తాం. ఈ ఏడు రానంది. దేవుడు తనను బయటికి తెచ్చిన ఊరిని ఇన్నాళ్లూ వెనక్కి తిరిగి చూస్తూ వచ్చానే అని ఆమె భయం.

ఆ ఫొటో ఎక్కడో అగ్నిపర్వతం పేలినప్పుడు పోయిన మనిషిదని చదివి చెప్పాను. మీద పడిన బూడిద గట్టిపడింది, లోపల ఒళ్లు మట్టిలో కలిసి ఖాళీ మిగిలింది, ఆ ఖాళీలో ప్లాస్టర్ పోసి తీశారు.

“సంఘపెద్ద అబద్ధం పంపిస్తాడాప్పా?” అంది.

నాయన సమాధికి పలక చెక్కించడానికి ఆళ్లగడ్డ పోతే వెంట వచ్చింది. శిల్పి పందిట్లో ఎవరో పెద్దమనిషి తల ఉంది, రాతిలో చెక్కేముందు నమూనాగా ప్లాస్టర్‌తో పోసింది. తెల్లగా ఉంది. అమ్మ దాని ముందు ఆగిపోయింది. ఫొటోలోదీ ఇట్లాంటి ప్లాస్టరేనన్నాను. ఆమె ఆ బొమ్మ చెంప తడిమి, వేలికంటిన పొడిని నాలుక మీద పెట్టుకుంది.

శిల్పి ఉలి ఆపి, “తినేదానికి గాదమ్మా అది,” అన్నాడు.

“ఉప్పగా లేదు,” అంది అమ్మ నాతో.

తిరుగు బస్సు శిరివెళ్ల చేరింది. అప్పుడు అడిగింది. “మరి ఆ ఫొటోలో మనిషి ఏం పాపం చేసినాడని?”

బూడిద పడతాంటే ముఖం కప్పుకున్నాడు, అంతేనన్నాను. గోపురం కూలి చచ్చినవాళ్లు అందరికంటే పాపులనుకోవద్దని ప్రభువు చెప్పింది గుర్తుచేశాను. లోతు భార్య సంగతి వాక్యంలో ఉన్నది ఉన్నట్టే నేను నమ్ముతాను. కానీ ఆ ఫొటో ఆమెది కాదు. మా అమ్మదీ కాదు.

అమ్మ సీట్లో పక్కకి జరిగి, మెడ తిప్పి, వెనకబడిపోతున్న రోడ్డును చాలాసేపు చూసింది.

“నీళ్లు యాడిదాకా తగ్గినాయో కనుక్కోప్పా,” అంది. “ఒండ్రు ఎండిపోతే కడిగేదానికి రాదు.”