తోమిన డాలు

మా ముత్తాత ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లకు దేశ్‌ముఖ్, శిస్తు వసూలు చేసే దొర. ఆయన తండ్రి గుర్రపు దళానికి జమేదారుగా యుద్ధాలకు వెళ్లినవాడు. సిపాయిలవి తోలు డాళ్లు, ఆయనది ఇత్తడి డాలు. ముందు నాలుగు బుడిపెలు, వెనుక పిడికిలి నలగకుండా చిన్న మెత్త. అంచంతా కత్తి దెబ్బల గాట్లు. వాటిని సాపు చేయించకూడదని మా ఇంటి కట్టడి.

భూములు పోయాక మిగిలింది ఒక్క మర్యాద. దసరా నాడు ఊరు జమ్మికి బయలుదేరేటప్పుడు మా ఇంటి పెద్దాయన కత్తి పిడితో డాలు మీద ఒక్క దెబ్బ కొడతాడు. అది ఖంగుమంటేనే ఊరు మా వెనక నడుస్తుంది. మోగకపోతే ముందు నడిచే హక్కు పక్కింటివాళ్లది. బియ్యం మిల్లు పెట్టి పైకొచ్చిన ఆ ఇంటివాళ్లు ఎదురుచూస్తున్నారని మాకు తెలుసు.

పండగ ముందు రోజు చింతపండు, ఇటుక పొడి వేసి డాలు తోమడం మా ఆడవాళ్ల పని. తరతరాలుగా మెరిసేదాకా తోమారు. నా చిన్నప్పుడు వేలికి తగిలిన గాట్లు నేను పెద్దయ్యేసరికి తగల్లేదు. మోత కూడా ఏటికేడు పొట్టిదవుతూ వచ్చింది. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

కొన్నేళ్ల కిందట పెరట్లో తోముతూ, మేం అవ్వ అని పిలిచే అమ్మ చేయి ఆపింది. డాలును ఎండకెత్తి చూసింది. బుడిపె పక్కన సన్నని వెలుతురు.

"ఇగ తోమితే పల్గుతది. ఈ యేడు ఉత్తగ తుడిచి ఇస్త," అంది బాపుతో, మా నాన్నతో.

"చిలుము వట్టిన డాలుతోని ఆ మిల్లోని ముందట నిలవడాల్నా? తోము."

అవ్వ తోమింది.

మర్నాడు సాయంత్రం డప్పులు ఆగాయి. ఫోన్లు పైకెత్తి జనం చుట్టూ చేరారు.

"మెల్లగ కొట్టుండ్రి దొరా, అవతలి మనిషి కనవడ్తున్నడు," అన్నాడు గుంపులో ఎవరో. కొందరు నవ్వారు.

బాపు అటు చూడలేదు. మెల్లగా కొడితే అది మోగదని ఆయనకు తెలుసు. బలంగా కొట్టాడు.

మోత రాలేదు. బుడిపె ఊడి కింద పడింది. డాలు అంచుదాకా చీలి, మెత్తలో కుక్కిన గుర్రపు వెంట్రుకలు బయటికొచ్చాయి. తర్వాత మిల్లు యజమాని మాకు రెండు చేతులూ జోడించి ముందుకు నడిచాడు. డప్పులు మొదలయ్యాయి. ఊరు ఆయన వెనక వెళ్లింది. ఆఖరి మనిషి దాటేదాకా బాపు నిటారుగా నిలబడ్డాడు. మేము జమ్మికి పోలేదు.

దీపావళి దాటాక డాలునూ కత్తినీ కామారెడ్డిలో పాత సామాను కొనే దుకాణంలో అమ్మేశాం.