కొలోన్ చర్చి గుమ్మంలో నా చెప్పులు

మా ఆడపడుచు కూతురు వచ్చే నెల యూరప్ టూరుకు వెళ్తోంది. "అత్తా, కొలోన్‌లో పెద్ద చర్చి చూడడానికి ఎంతసేపు పడుతుంది?" అని ఫోన్ చేసి అడిగింది. ఫోటోలకైతే అరగంట చాలు, నాకు మాత్రం ఒక చెప్పుల జత ఖర్చయింది అన్నాను. వేళాకోళం అనుకుని నవ్వింది. ఆ పిల్లకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను, అటు వెళ్ళేవాళ్ళకి ఎవరికైనా పనికొస్తుందని.

తొంభైల్లో నేను దోహాలో, అల్ హిలాల్‌లో ఒక ఖతరీ ఇంట్లో పనిచేసేదాన్ని. నా డ్యూటీ అంతా ఆ ఇంటి పెద్దావిడతోనే. ఆవిడకి స్నానం చేయించడం, జడ వెయ్యడం, మందులివ్వడం, తీరిక దొరికితే తిట్లు తినడం. అందరం ఆవిడని మామా అనేవాళ్ళం, అంటే వాళ్ళ మాటలో అమ్మ. బయటివాళ్ళకి ఉమ్ నాసిర్, అంటే నాసిర్ వాళ్ళమ్మ. మాది తణుకు దగ్గర పల్లె, ఆర్.సి.ఎం. వాళ్ళం, అంటే క్యాథలిక్కులం. అప్పట్లో ఖతర్‌లో చర్చి లేదు. శుక్రవారం సెలవిస్తే అల్ ముంతజాలో ఒక విల్లా హాల్లో చేరి, కిటికీలు మూసి, గొంతు తగ్గించి పాడుకునేవాళ్ళం. గుమ్మం బయట చెప్పులు గుట్టలా పడి ఉండేవి. ప్రార్థన కంటే తర్వాత మన జత వెతుక్కోవడానికే ఎక్కువ సేపు పట్టేది.

మామాకి గుండె కవాటం పాడయిందని, జర్మనీలో ఆపరేషన్ చేయించాలని దోహా డాక్టర్లు చెప్పారు. అలా మొదలైంది నా యూరప్ యాత్ర. మామా, ఆవిడ కొడుకు నాసిర్, మామాని చూసుకోవడానికి నేను, బయటి పనులకి ఇంటి డ్రైవర్ ఖాదర్ భాయ్. ఆయనది కామారెడ్డి. బహ్రెయిన్‌లో విమానం మారి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, అక్కడినుంచి రైల్లో బాన్ వెళ్ళాం. రైలు చాలా దూరం రైన్ నది ఒడ్డునే వెళ్తుంది. మీరు వెళ్తే నది వైపు కిటికీ సీటు చూసుకోండి. కొండల మీద కోటలు, కింద ద్రాక్షతోటలు. మామా మాత్రం కళ్ళు మూసుకుని తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది.

బాన్ ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఆపరేషన్ తప్పదన్నాడు. మామా వద్దంది. "నా ఊరు కాదు, నా మాట తెలిసినవాళ్ళు లేరు. వీళ్ళు నన్ను కోస్తే నేను తిరిగి లేవను. ఇంటికి తీసుకెళ్ళండి" అని మొండికేసింది. కొడుకు బతిమాలాడు, చేతులు ముద్దుపెట్టుకున్నాడు, ఏడ్చాడు కూడా. ఆవిడ కదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం డాక్టరు ఆఖరి మాట అడుగుతాడు, ఒప్పుకోకపోతే తిరుగు ప్రయాణమే. ఆపరేషన్ లేకపోతే ఎన్నాళ్ళో ఉండదని అందరికీ తెలుసు. నేను బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. ఆవిడ లేని ఆ ఇల్లు నాకు వట్టి డ్యూటీయే.

మర్నాడు పొద్దున మామా నన్ను దగ్గరికి పిలిచింది. మా ఇద్దరి మధ్యా నడిచేది నా వచ్చీరాని అరబ్బీ. "పక్క ఊళ్ళో మీ పెద్ద గుడి ఉందని ఖాదర్ చెప్పాడు. వెళ్ళు. అక్కడ మరియం ఉంటుంది కదా, ఆమె మాకూ ఉంది. నా పేరు చెప్పు. నువ్వొచ్చాకే డాక్టరుకి జవాబు చెబుతాను."

ఖాదర్ భాయ్ బాన్ స్టేషన్‌లో టికెట్ కొనిచ్చి రైలెక్కించాడు. "అక్కా, దిగి బయటికి రాంగనే చర్చి కనవడ్తదట. ఎవ్వర్నీ అడిగే పనిలేదు. యల్లా, జల్ది పోయి డాక్టర్ వచ్చేలోపు వచ్చెయ్యాలె. తప్పిపోయినవనుకో, మామా ముందు నన్ను నిలవెడ్తరు."

బాన్ నుంచి కొలోన్‌కి అరగంట కూడా పట్టదు. స్టేషన్ తలుపు దాటి తలెత్తితే అక్కడే ఉంది. పొగబారిన వంటింటి గోడలా నల్లటి రాయి, పైన రెండు శిఖరాలు. వాటి చివర చూడాలంటే మెడ నొప్పి పుట్టింది. లోపలికి టికెట్ లేదు, శిఖరం ఎక్కడానికే డబ్బు కట్టాలి. మోకాళ్ళు బాగున్నవాళ్ళు ఎక్కండి, నాకు తీరిక లేదు. సన్నగా వాన పడుతోంది. కోటు కింద చీర కట్టుకుని వెళ్ళాను. గుమ్మం పక్కన గోడ వారగా చెప్పులు విప్పి, మడమలు కలిపి పెట్టి, కొంగు నెత్తిన వేసుకుని లోపలికి నడిచాను.

ఆ రాతినేల చల్లదనం మోకాళ్ళ దాకా పాకింది. చుట్టూ చూస్తే జనమంతా బూట్లతో టకటకా తిరుగుతున్నారు. ఇంత పెద్ద చర్చి కట్టారు, చెప్పులు విప్పాలని ఎవరూ నేర్పలేదే అని జాలేసింది. ఎర్ర అంగీ తొడుక్కున్న ముసలాయన ఒకాయన, అక్కడి కాపలాదారు అనుకుంటాను, నా కాళ్ళు చూసి కంగారుగా వచ్చాడు. తన బూట్లు చూపించాడు, నా పాదాలు చూపించాడు, చలి అన్నట్టు భుజాలు వణికించాడు. నేను చేతులు జోడించి "మరియం" అన్నాను. ఆయన ముందు నడిచి దారి చూపించాడు.

బలిపీఠం వెనక బంగారు మందసం ఉంది. తూర్పు దేశపు జ్ఞానుల ఎముకలు అందులో ఉన్నాయని వాళ్ళ నమ్మకం, తప్పక చూడండి. నేను మాత్రం పక్కనున్న మరియమ్మ దగ్గర ఆగిపోయాను. చిన్న విగ్రహం, తెల్లటి గౌను, దాన్నిండా నగలు. మా ఊరి పండక్కి చీర కట్టి ముస్తాబు చేసే మరియమ్మే ఎదురొచ్చినట్టు అనిపించి ఏడుపు ఆగలేదు. పెట్టెలో చిల్లర వేసి కొవ్వొత్తి వెలిగించాను. "అమ్మా, ఆవిడ పేరు ఉమ్ నాసిర్, మా మామా. నోరు పెద్దది గానీ మనసు మంచిది. నాకు జ్వరమొస్తే తన దుప్పటి కప్పింది. ఆవిడ చేత ఊఁ అనిపించు" అన్నాను. పెద్ద ప్రార్థనలేవీ గుర్తుకు రాలేదు.

బయటికొస్తే చెప్పులు లేవు. గోడ వారగా తడి నేల మాత్రం ఉంది. ఎవరు తీశారో, చెత్త అనుకుని ఊడ్చేశారో తెలియదు. ఎర్ర అంగీ ఆయన కూడా నాతో పాటు వంగి వెతికాడు. దుకాణానికి వెళ్తే రైలు పోతుంది. ఇక కొంగు దోపుకుని వానలో వట్టి కాళ్ళతో స్టేషన్‌కి పరుగెత్తాను. రైల్లో అందరూ నా పాదాలే చూశారు.

బాన్ స్టేషన్‌లో ఖాదర్ భాయ్ నోరు తెరిచాడు. "గిదేంది అక్కా! చెప్పులేవి?"

"చర్చి బయట విప్పాను. పోయాయి."

"జుమ్మా నమాజుకు పోయినప్పుడు నాయి గూడ గిట్లనే పోతయి. గని చర్చిల ఎవరిప్పుతరు అక్కా, ఈ దేశంల?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

గదిలోకి వెళ్ళేసరికి డాక్టరు ఇంకా రాలేదు. నాసిర్ నా బురద కాళ్ళు చూసి మొహం చిట్లించాడు. సంగతి చెబితే, "ఇక్కడ అందరూ బూట్లతోనే వెళ్తారు, ఆ మాత్రం తెలీదా?" అన్నాడు.

మామా దిండు మీంచి లేచింది. "నువ్వు మసీదులోకి బూట్లతో వెళ్తావా నాసిర్? దేవుడింట్లోకి ఎలా వెళ్ళాలో ఈ పిల్లకి తెలుసు" అని నావైపు తిరిగింది. "భయం వెయ్యలేదా?"

"వేసింది మామా. ఊరు తెలీదు, మాట తెలీదు. కానీ మీరు ఎదురు చూస్తుంటారని వచ్చేశాను."

ఆవిడ నా పాదాలు చూసింది. తర్వాత మంచం కిందికి చెయ్యి చూపించింది. దోహా నుంచి తెచ్చుకున్న నల్లటి తోలు చెప్పులున్నాయి అక్కడ. "వేసుకో. ఇచ్చెయ్యడం లేదు, అరువు. నేను లోపలికెళ్ళి వచ్చేదాకా దగ్గరుంచుకో. నాసిర్, డాక్టర్ని పిలువు."

ఆపరేషన్ రోజు నేను ఆ తలుపు బయటే కూర్చున్నాను. అలవాటు కొద్దీ చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టబోయి, ఒకసారి బుద్ధొచ్చింది కదా అని ఒళ్ళో పెట్టుకున్నాను. సాయంత్రం దాకా అలాగే పట్టుకుని ఉన్నాను. మర్నాడు మామా కళ్ళు తెరిచి, నన్ను చూసి, గొంతు పెగలక పెగలక అడిగిన మొదటి మాట, "నా చెప్పులేవి?"

తర్వాత చాలా చర్చిలు చూశాను. కిటికీ అద్దాలు, శిఖరాలు అన్నీ గొప్పవే. కానీ కొలోన్ పేరు వినగానే నాకు గుర్తొచ్చేది ఆ నల్లటి చెప్పులే. దోహాలో కిటికీలు మూసుకుని మెల్లగా పాడుకున్న నా దేవుడి దగ్గరికి నన్ను పంపింది మామా, నా వట్టి కాళ్ళని అర్థం చేసుకున్నదీ మామాయే. ఆ చెప్పులు వేసుకుని, నా భుజం పట్టుకుని, దోహాలో విమానం దిగి, నడక నెమ్మదిగా ఉందని నన్నే తిట్టింది. ఆ తిట్టు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

ఇక వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. కొలోన్‌లో చెప్పులు విప్పక్కర్లేదు, ఎవరూ ఏమీ అనరు. మనసొప్పక విప్పాలనిపిస్తే మాత్రం ఒక చేతిసంచి పట్టుకెళ్ళి, అందులో వేసుకుని లోపలికి వెళ్ళండి.