జవాబు చెప్పని వ్యవసాయం సారు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే పొద్దుటి రైల్లో శాలేమురాజు కిటికీ పక్కనే కూర్చుంటాడు. ఒళ్లో పుస్తకం ఉంటుంది కానీ పేజీ తిరగదు. మబ్బుల నీడలు, దమ్ము చేసిన చేలు, నీళ్లలో వంగిన ఆడవాళ్లు, అన్నీ కలలోలాగా వెనక్కి జారిపోతుంటాయి. రేపల్లె అవతల ఒక ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతికి వ్యవసాయం చెప్పడం అతని ఉద్యోగం.

జవాబు చెప్పని సారని పిల్లలు పేరు పెట్టారు. ఏదడిగినా "నువ్వేం చూశావు?" అని ఎదురడుగుతాడు. ఈ అలవాటు బాపట్ల వ్యవసాయ కాలేజీలో అబ్బింది కాదు. అక్కడ చదువు ముగించుకొచ్చిన ఏడాది, తల్లి సుందరమ్మ కౌలుకి చేస్తున్న అరెకరంలో వరి ఎర్రబడింది. అతను గట్టు మీద నిలబడే మందు పేరు చెప్పాడు. కొట్టారు. పైరు తేరుకోలేదు. సుందరమ్మ కోప్పడలేదు. "ఒకసారి మళ్లోకి దిగి చూడాల్సింది నాయనా" అంది, అంతే. ఆ మాట అతని లోపలెక్కడో నానుతూ ఉండిపోయింది.

ఈ జూలైలో బడి వెనక పిల్లలు పోసిన నారుమడి కొసలు మాడి, పాలిపోయింది. ఏం మందు కొట్టాలని క్లాసు లీడరు శ్రీకర్ అడిగాడు. జింకు లోపమని శాలేమురాజుకి చూడగానే అనిపించింది. ఆ మాట మింగేసి, మూడు రోజులు మడిలోకి దిగి, చూసింది రాయమన్నాడు.

కొందరు పురుగుల కోసం వెతికారు. కొందరు వేళ్లు కడిగి చూశారు. ఉమామహేశ్వరి ఏమీ రాయలేదు. తండ్రి సముద్రం మీద వేటకి వెళ్తాడు. పొలం పని తెలియని పిల్లనని క్లాసులో నోరు విప్పేది కాదు. మూడో రోజు మడి చుట్టూ మెల్లగా తిరిగి, బోరు నీళ్లు పడే మూల కూర్చుంది. ఆరిన మట్టి మీది తెల్లటి పొరని వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పండి," అంది. "ఆరిన వలల మీద ఇలాగే ఉంటుంది. బోరు దగ్గరే మాడింది సార్, అటు చివర బాగానే ఉంది."

శాలేమురాజు చెప్పులు విడిచి మడిలోకి దిగాడు. ఈ ఏడాది దిగడం అదే మొదటిసారని అప్పుడు గుర్తొచ్చింది. ఆ తెల్ల పొరని వేలితో తీసి నాలుకకి తగిలించుకున్నాడు. ఉప్పే.

"నేను జింకు లోపమనుకున్నాను. పొరబడ్డాను," అన్నాడు పిల్లలతో.

సిగ్గుపడాల్సిన చోట అతనికి ఒళ్లంతా తేలికైపోయింది.

బోరు ఆపేసి పంట కాలువ నీళ్లు నిండా పెట్టారు, తీసేశారు, మళ్లీ పెట్టారు. బోరు పక్క నారు పోయింది. మిగతాది వారంలో పచ్చగా తిప్పుకుంది. అప్పుడు ఉమామహేశ్వరి ఇంకో ప్రశ్న తెచ్చింది: నిరుడు తియ్యగా ఉన్న బోరులోకి ఉప్పెలా వచ్చింది? మురుగు కాలువ గుండా సముద్రపు పోటు నీళ్లు వస్తున్నాయా?

నిజంగానే తెలియదన్నాడు శాలేమురాజు. శనివారం మధ్యాహ్నం అందరూ మురుగు కాలువ గట్టుకి నడిచారు. గాలి లేదు. ఉమామహేశ్వరి ఒక గడ్డిపోచ నీళ్లలో వేసింది. అది కాసేపు తిరిగి తిరిగి, సముద్రం వైపు కాకుండా, నెమ్మదిగా ఊరి వైపు కదిలింది.

శ్రీకర్ నోటుబుక్కు తెరిచి నీళ్లు ఎదురెక్కిన టైము రాసుకున్నాడు.