మర్దనమ్మ లెక్క

వీధి మొత్తానికీ ఆవిడ మర్దనమ్మే. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా లేదు. మేడ మీద ఒకటే గది, అందులో ఒక బల్ల, నాలుగు దిండ్లు, నూనె సీసాలు, బడి మైదానం వైపు తెరుచుకునే కిటికీ. ఇరవై ఏళ్లుగా అక్కడే పని.

నేర్పింది మేనత్త. నాలుగు అంకెలు నొక్కు, నాలుగు అంకెలు వదులు. మనసులో ఆ ఎనిమిదీ లెక్కపెట్టుకుంటూ చేస్తే చేతులు అలిసేవి కావు. "నా లెక్క తప్పితే అడగండి" అని గొప్పలు పోయేది. పోనీండి, పనిమంతురాలికి ఆ మాత్రం టెక్కు లేకపోతే ఎలా!

అలాంటి చేతుల్లో పడ్డాడు డ్రిల్లు మేష్టారు. న్యుమోనియా వచ్చి తగ్గింది. ఊపిరితిత్తులు బాగున్నాయి, పక్కటెముకల మధ్య కండలే బిగుసుకుపోయాయి, మర్దన చేయించుకోవచ్చని డాక్టరు చీటీ రాసిచ్చాడు. మనిషి మాత్రం భుజాలెగరేసి పైపైనే ఊపిరి తీసుకుంటున్నాడు. విజిల్ ఊదితే తుస్సుమంటోంది. మూడు వారాల్లో బడి తెరుస్తారు. అప్పటికీ ఊదలేకపోతే మైదానం ఇంకొకరికిచ్చి, ఆయన్ని స్టోరు రూములో కూర్చోబెడతారట.

"బంతులకు గాలి కొట్టే ఉద్యోగమమ్మా," అని నవ్వబోయాడు. దగ్గొచ్చింది. పక్కనున్న భార్య మొహం తిప్పేసుకుంది.

"నాకొదిలెయ్యండక్కా," అంది మర్దనమ్మ ఆమెతో.

రెండు రోజులు బోర్లా పడుకోబెట్టి వీపు పట్టింది. మూడో రోజు ఆయన ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఆగు తల్లీ! గాలి పీల్చుకుందామనుకునేసరికి నొక్కేస్తున్నావ్. రోగంతో పోని ప్రాణం నీ చేతిలో పోయేట్టుంది!"

భార్య ఆపుతున్నా వినకుండా మెట్లు దిగిపోయాడు.

మర్దనమ్మకి తల కొట్టేసినట్టయింది. ముందు కోపమొచ్చింది. ఇరవై ఏళ్లలో ఎవరన్నారు ఆ మాట? చేతుల నూనె కూడా కడుక్కోకుండా తనే బల్ల మీద బోర్లా పడుకుంది. ఆయనలాగే గబగబా చిన్న ఊపిర్లు తీస్తూ ఎనిమిది లెక్కపెట్టింది. ఒక్క ఎనిమిదిలో మూడు ఊపిర్లు! మామూలు మనుషులు నిమ్మళంగా ఊపిరి తీస్తారు కాబట్టి ఇన్నాళ్లూ లెక్క సాగింది. ఈయనేమో తను నొక్కే నాలుగు అంకెల్లో ఒకసారైనా పీల్చబోయాడు, తను పీల్చనివ్వలేదు. పైగా పొట్టను బల్లకేసి అదిమేసింది.

"ఛీ, లెక్క లెక్కంటూ మనిషినే చూడలేదే!" అని నుదురు కొట్టుకుంది. సిగ్గుతో ఏడుపొచ్చింది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లింది. "తప్పు నాదే మేష్టారూ. రేపొక్కసారి రండి. మీరు పీల్చేటప్పుడు వేలితో కూడా నొక్కను, ఒట్టు."

"ఒట్టెందుకమ్మా, ఊపిరాడితే చాలు," అని విసుక్కున్నాడు గానీ, వచ్చాడు.

ఈసారి కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల మీద దిండ్లు పేర్చి వాటి మీదికి వాలమంది. కింది పక్కటెముకల మీద అరచేతులు ఆనించి ఊరికే ఉంది. ఆయన వదిలినప్పుడు చేతులు వెంటే లోపలికి వెళ్లాయి, పీల్చినప్పుడు దారిచ్చాయి. "భుజాలు కాదండీ, నా చేతుల్ని తొయ్యండి." పాత లెక్క నోటిదాకా వచ్చినప్పుడల్లా పళ్లు బిగించింది. మెడ కండలు మెత్తబడడానికే వారం పట్టింది. పదో రోజు పక్కటెముకలు నిజంగానే ఆవిడ చేతుల్ని తోశాయి. "అబ్బో!" అంది.

విజిల్ ఊదమంటే మాత్రం మేష్టారు ససేమిరా అన్నాడు. భయం. "ఊదితే మైదానంలోనే ఊదుతా. అక్కడే తేలిపోనీ."

బడి తెరిచిన రోజు పొద్దున బల్ల మీద వీధి చివరి బేకరీ పిన్ని పడుకుంది. మర్దనమ్మ చేతులు ఆమె వీపు మీద, చెవులు కిటికీలో. గంట కొట్టారు. పిల్లల గోల. ఆ గోలలో తుస్సుమని ఒక చప్పుడు. మర్దనమ్మ కిటికీ వైపు మెడ చాచింది.

కాసేపటికి మోగింది విజిల్. మైదానం ఆ చివర నుంచి ఈ చివర దాకా, ఆగకుండా. గోలంతా ఠక్కున ఆగిపోయింది. మర్దనమ్మకి తెలీకుండానే పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది దాటినా అది మోగుతూనే ఉంది.

"ఏమే, చేతులాపేశావేం?" అంది బేకరీ పిన్ని.

"ఉండు పిన్నీ, లెక్కపెట్టుకుంటున్నా," అంది మర్దనమ్మ, నూనె చేతులతో కాక మోచేత్తో కళ్లు తుడుచుకుంటూ.